ముప్పై ఏడు దాటని వేడి

శుక్రవారం సాయంత్రం నాచారం ఆఫీసులో సంతోషిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పాలి. చిన్నపిల్లల గుండెకు ఆపరేషన్ చేసేటప్పుడు గుండెను కాసేపు ఆపుతారు. అంతసేపూ ఒంట్లో రక్తాన్ని తిప్పేది ఒక యంత్రం. దాన్ని నడిపేవాళ్లు దాన్ని పంపు అంటారు. పంపు ఎంతసేపు నడిచింది, రక్తాన్ని ఎంత చల్లబరిచారు, మళ్లీ ఎంతవరకు వేడి చేశారు అన్న వివరాలను తొమ్మిది ఆసుపత్రుల నుంచి ఒకచోట చేర్చే రిజిస్ట్రీలో సంతోషి పని చేస్తోంది. వచ్చిన అంకె నిజమా కాదా అని చూడటమే ఆమె ఉద్యోగం.

ఆ శుక్రవారం ఆమెకు దొరికింది ఒకే ఒక్క అంకె. ఉప్పల్ ఆసుపత్రిలో జూన్ నెల నుంచి రెండో నంబరు పంపు మీద ఇరవై ఆరు మంది పిల్లలకు ఆపరేషన్లు జరిగాయి. చల్లబరిచిన రక్తాన్ని తిరిగి వేడి చేసినప్పుడు అది ఏ ఒక్కరికీ ముప్పై ఏడు డిగ్రీలు దాటలేదు, ఏ ఒక్కరికీ తగ్గలేదు. ఇరవై ఆరు మందికీ ముప్పై ఏడు పాయింటు సున్నా. మనిషి ఒంటి వేడి అట్లా గీత గీసినట్టు ఉండదు. ఎవరో కూర్చుని రాశారు.

డైరెక్టర్ హృషికేశ్‌కు ఫోన్ చేస్తే, "సోమవారం వెళ్లి అసలు కాగితాలు చూడండి. ఎవరితోనూ ఏమీ అనకండి" అన్నాడు.

కానీ ఆదివారం ఆమె ఊరుకోలేకపోయింది. రామంతాపూర్‌లో తన ఇంట్లో, వంటగది గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఆ ఇరవై ఆరు మంది ఐసీయూ వివరాలు తెరిచింది. ఆపరేషన్ అయ్యాక నలుగురికి ఫిట్స్ వచ్చాయి. ఒకటో నంబరు పంపు మీద ముప్పై ఐదు మందికి ఆపరేషన్లు జరిగితే వాళ్లలో ఒక్కరికి కూడా రాలేదు. గుండె ఆపరేషన్ అయిన పిల్లలకు ఫిట్స్ రావడానికి సవాలక్ష కారణాలు ఉంటాయని ఆమెకు తెలుసు. ఆ మాట తనకు తాను పదిసార్లు చెప్పుకుంది. చెప్పుకున్న ప్రతిసారీ మళ్లీ అదే పేజీ తెరిచింది. పొయ్యి మీద పప్పు అడుగంటిన వాసన వచ్చేదాకా ఆమె అక్కడి నుంచి కదల్లేదు.

సోమవారం పదిన్నరకు ఉప్పల్ రింగు దగ్గర ఆటో దిగేసరికి వాన సన్నగా పడుతోంది. ఫ్లైఓవర్ స్తంభాల కింద బురద, బస్సుల హారన్లు. మూడో అంతస్తులో ఆపరేషన్ థియేటర్ బయట ఉన్న బోర్డు మీద ఆ రోజు పేరు ఒక్కటే ఉంది: ఆశ, నాలుగేళ్లు, పంపు 2.

బోర్డు కింద బెంచీ మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో పిల్ల గౌను మడత పెట్టి ఉంది. సంతోషి మెడలో ఐడీ కార్డు చూసి లేచి నిలబడింది.

"బిడ్డా, లోపల ఏమైతుందో జర జెప్తవా? పొద్దుగాల ఎనిమిదింటికి తీస్కపోయిన్రు."

"నేను డాక్టర్ని కాదమ్మా."

"మరేందివి?"

"కాగితాలు సూస్తందుకు వచ్చిన."

ముసలమ్మ ముఖంలో ఆశ చప్పబడింది. అయినా మాట ఆపలేదు. "నా పేరు ఈరమ్మ. గది నా మనుమరాలు. మాది మల్లాపూరు. దాని నాయిన డ్యూటీకి పోయిండు, రెండింటికి వస్తడు. గుండెకు బొక్క ఉన్నదంట. ఉరికితే పెదవులు నీలంగైతుండె. ఇయాల్టితోని పోతదన్నరు. పోతది గదా?"

"పోతదమ్మా" అంది సంతోషి. ఆ మాట తన నోటి నుంచి ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియలేదు. అక్కడ ఇంకొక్క నిమిషం నిలబడితే ఏడుస్తానేమోనని భయపడి, గబగబా పంపు గది వైపు నడిచింది.

పంపు గదిలో ఉప్పలయ్య ఒక్కడే ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ఆ ఆసుపత్రిలో పంపు నడిపేవాళ్లందరికీ పెద్ద. పుట్టి రెండు రోజులైన పిల్లల గుండెలు కూడా అతని చేతుల మీదుగా వెళ్లాయని అందరూ చెప్పుకుంటారు. ఇవాళ అతని తల బోడిగా ఉంది. వాళ్లమ్మ పోయింది. జనగామ దగ్గర ఊళ్లో పన్నెండు రోజులూ ఉండి, దినాలు చేసి, ఈ పొద్దే డ్యూటీకి వచ్చాడు. థియేటర్‌లో పంపు మీద అతని కింద పనిచేసే ప్రశాంత్ ఉన్నాడు.

"రిజిస్ట్రీ మేడం వచ్చిన్రా. కూసోండ్రి" అన్నాడు. కుర్చీ మాత్రం చూపించలేదు.

"సార్, రెండో నంబరు పంపు చార్టులు కావాలె. జూన్ నుంచి."

"ఎందుకు?"

"మామూలు తనిఖీ."

అతను ఆమెను ఎగాదిగా చూశాడు. లేచి బీరువా తీసి, ఫైళ్ల కట్ట తెచ్చి బల్ల మీద పడేశాడు. దుమ్ము లేచింది.

సంతోషి మొదటి ఫైలు తెరిచింది. జూన్ పంతొమ్మిది, పదకొండు నెలల బాబు. పంపు నడిపేవాళ్లు ఐదేసి నిమిషాలకు ఒకసారి చేత్తో రాసే పెద్ద కాగితం అది. రక్తం వేడి రాసిన వరస మీద వేలు పెట్టి కిందికి జరిపింది. 34.8. 36.1. 37.2. 37.9. 38.2. వేలు అక్కడ ఆగింది. తన లాప్‌టాప్‌లో ఇదే బాబు పేజీ తెరిచింది. 37.0.

రెండో ఫైలులో 38.0 ఉంటే కంప్యూటర్‌లో 37.0. మూడో ఫైలులో 38.4. కంప్యూటర్‌లో మళ్లీ 37.0. పదో ఫైలు దాకా చూసింది. చెమటతో కాగితం వేలికి అంటుకుపోతోంది. అంకెలు కల్పించారని అనుకుని వచ్చింది. కల్పించడం కన్నా ఘోరమైనది కళ్ల ముందు ఉంది. పిల్లల రక్తం నిజంగానే వేడెక్కింది. వేడెక్కిన రక్తం ముందు చేరేది మెదడుకే. జ్వరం లేని పిల్లకు జ్వరం ఎక్కించినట్టు.

"సార్, ఇక్కడ ముప్పై ఎనిమిది పాయింటు రెండు ఉన్నది. మాకు ముప్పై ఏడు పంపిన్రు."

"అవును."

అతను కాదంటాడని, కేకలేస్తాడని ఆమె ఊహించింది.

"అవునంటే? ఇరవై ఆరు కేసులల్ల దొంగ అంకె పంపిన్రు. గిది తప్పు గాదా?"

ఉప్పలయ్య బల్ల మీదికి వంగాడు. "ఏ నోటితోటి అంటున్నవమ్మా దొంగ అని? నా కండ్లకు ఏం కనబడ్డదో గదే రాసిన. ఇరవై ఎనిమిదేండ్ల సంది గదే రాస్తున్న. కాగితం నీ ముందటనే ఉన్నది. ఒక్క కొట్టివేత ఉన్నదా సూడు." ఫైలు ఆమె వైపు తిప్పాడు. "నీ కంప్యూటర్‌ల ఎవరు ఏం కొట్టిన్రో దీపనడుగు." తలుపు వైపు తిరిగి కేకేశాడు. "దీపా!"

దీప పక్క గదిలోనే ఉంది. ఇద్దరు పిల్లల తల్లి. మూడేళ్లుగా ఈ ఆసుపత్రి వివరాలు రిజిస్ట్రీలోకి ఎక్కించేది ఆమే. గోడ పలుచన కాబట్టి అంతా విన్నట్టుంది. చేతిలో ఫోన్ గట్టిగా పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"చెప్పు దీపా, మేడానికి చెప్పు" అన్నాడు ఉప్పలయ్య.

"మేడం, కంప్యూటర్ ముప్పై ఏడున్నర దాటితే తీసుకోదు. ఎర్రగ వస్తది. ఆ గడి నింపకపోతే పేజీనే ముందుకు పోదు." దీప ఫోన్‌లో ఏదో వెతుకుతోంది. "మొదటిసారి వచ్చినప్పుడు నేను మిమ్మల్నే అడిగిన."

"నన్నా?"

దీప ఫోన్ చాపింది.

జూన్ ఇరవై ఒకటి, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. "మేడం, ఉప్పల్ నుంచి దీప. చార్టులో రక్తం గరిష్ఠ వేడి 38.2 ఉంది. సిస్టమ్ తీసుకోవడం లేదు. ఏం చేయాలి?"

నాలుగు నిమిషాల తర్వాత జవాబు. "పరిధిలో ఉన్న విలువ ఎంటర్ చేసి పంపండి. ఇవాళే ఆఖరు రోజు. సంతోషి."

ఆమె దాన్ని మళ్లీ చదివింది. మూడోసారి చదివింది. రాసినట్టు గుర్తు లేదు. కానీ ఆ రోజు గుర్తుంది. వార్షిక నివేదికకు ఆఖరు రోజు, తొమ్మిది ఆసుపత్రుల నుంచి ఫోన్లు, మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. ఆ నివేదికలో ఉప్పల్ ఆసుపత్రి వివరాలు నూటికి నూరు శాతం నిండి ఉన్నాయని, అందుకు సంతోషి శ్రద్ధే కారణమని రాశారు. మీటింగులో చప్పట్లు కొట్టారు.

ఆ కట్టడి కూడా ఆమె పెట్టిందే. రెండేళ్ల కింద ఎవరో 37.0 బదులు చుక్క మరిచి 370 కొట్టారు. పెద్ద డాక్టర్ల ముందు ఆ అంకె తెర మీద పడితే అందరూ నవ్వారు. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. రక్తాన్ని ముప్పై ఏడు దాటనివ్వకూడదని పంపు నడిపే ప్రతి ఒక్కరికీ తెలుసు కదా, దాటిందంటే అది టైపు చేసినవాళ్ల తప్పే అయి ఉంటుంది అనుకుంది. మర్నాడే ముప్పై ఏడున్నర దగ్గర గేటు వేసేసింది. ఇంకోసారి చూసుకోమని హెచ్చరించి లోపలికి రానిచ్చే గేటు కాదు. రానివ్వనే రానివ్వని గేటు.

తప్పుడు అంకె రాకుండా వేసిన గేటు. నిజమైన అంకె వచ్చి ఎన్నిసార్లు తలుపు తట్టిందో, ఎన్నిసార్లు తిరిగిపోయిందో.

గోడ గడియారం పదకొండు ఇరవై చూపిస్తోంది. సంతోషి బల్ల అంచు పట్టుకుంది.

"నేను ఎవ్వరికీ జూపియ్య మేడం" అంది దీప మెల్లగా. "కావాలంటే తీసేస్త. నా ఫోన్ల తప్ప ఇంకెక్కడ లేదు."

ఉప్పలయ్య కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు, విననట్టు. సంతోషికి ఇంట్లో తన మీద ఆధారపడ్డ వాళ్లు గుర్తొచ్చారు. నాచారం పాత ఊళ్లో ఒకప్పుడు వరి కోసిన తండ్రి, భూమి పోయాక వాచ్‌మన్‌గా నిలబడి తనను చదివించడం గుర్తొచ్చింది. 'ఎవరితోనూ ఏమీ అనకండి' అన్న డైరెక్టర్ మాట గుర్తొచ్చింది. ఒక్క వేలితో నొక్కితే పోయే మెసేజ్ అది.

"నాకు పంపు" అంది. మళ్లీ అంది. "నాకు పంపు దీపా. హృషికేశ్ సార్‌కు నేనే పంపుత."

మెసేజ్ వచ్చింది. వెంటనే దాన్ని డైరెక్టర్‌కు పంపేసింది. కింద ఒక్క వాక్యం రాసింది. 'ఈ తప్పు నాది.' పంపేశాక భయం తగ్గుతుందనుకుంది. తగ్గలేదు. భయానికి ఇప్పుడు చోటు మారింది, అంతే.

"ఉప్పలయ్య సార్, నాది నేను ఒప్పుకున్న. మీరొకటి చెప్పుండ్రి. కండ్ల ముందట ముప్పై ఎనిమిది కనబడ్తుంటె ఎట్ల ఊకున్నరు?"

ఉప్పలయ్య ఈసారి కోపగించుకోలేదు. కుర్చీ లాగి ఆమె వైపు తోసి, తాను బల్ల అంచున కూర్చున్నాడు. ఓపిగ్గా, పాఠం చెప్పినట్టు చెప్పాడు.

"సూడమ్మా. రక్తాన్ని మనం మంట మీద పెట్టి వేడి చెయ్యం. పక్కన హీటర్ ఉంటది. అండ్ల నీళ్లు వేడైతయి. ఆ నీళ్లు గొట్టాల సుట్టు తిరుగుతుంటె లోపల రక్తం వెచ్చగైతది. హీటర్ మీద నీళ్ల వేడి ముప్పై ఏడు అని కనబడ్తుంది. మరి నీళ్లే ముప్పై ఏడున్నప్పుడు రక్తం ముప్పై ఎనిమిది ఎట్లైతది? నీళ్ల కన్న రక్తం వేడిగ ఎట్లుంటది చెప్పు? అంటే రక్తం వేడి సూపెట్టే వైరు పాడైందన్న మాట. రెండుసార్లు వైరు మార్పించిన. మార్చినా గట్లనే సూపెట్టింది. మన దవాఖానల మిషన్లు సూసేటోళ్లే వచ్చి, హీటర్ మంచిగనే ఉన్నది, వైర్ల కంపెనీయే బాగలేదు అన్నరు. సరే, మనం ఏం కనబడితే గది రాద్దాం, పైనోళ్లు సూస్కుంటరు అనుకున్న. ఎప్పటికన్న రిజిస్ట్రీ నుంచి ఫోనొస్తది, గిదేంది ఉప్పలయ్యా ముప్పై ఎనిమిది అని అడుగుతరు అని ఎదురుసూసిన. నిజం జెప్తున్న. ఒక్కరు అడగలే. అడగలేదంటె ఫికర్ లేదు కావచ్చు అనుకున్న."

సంతోషి కళ్లు మూసుకుంది. అతను ఆమె కోసం ఎదురుచూశాడు. ఆమెకేమో ముప్పై ఏడు తప్ప ఇంకేదీ కనబడలేదు.

"ఆ పిల్లలల్ల నలుగురికి ఫిట్స్ వచ్చినయి" అంది.

ఉప్పలయ్య తల ఎత్తాడు. "ఎవరికి?"

"జూన్ పంతొమ్మిది బాబు. జులై మూడు, రెండేండ్ల పాప. జులై ఇరవై నాలుగు. ఆగస్టు పన్నెండు."

ఆమె చెప్పింది తారీఖులే. అతనికి మాత్రం అవి పిల్లలు. ఒక్కో తారీఖుకూ అతని ముఖంలో ఒక్కో గీత దిగింది. "జులై మూడు... బోడుప్పల్ పిల్ల. నా వేలు పట్టుకోని ఇడవలే మత్తిచ్చేదాక." బోడి తల మీద చెయ్యి వేసుకుని, కిందికి ముఖం మీదికి రాసుకున్నాడు. "మాకెవరు జెప్పిన్రమ్మా? పంపు ఆపంగనే పిల్లను ఐసీయూకు తీస్కపోతరు. మేం ఇంకో కేసుకు పోతం. ఆడ ఏమైందో ఈడికి రాదు."

"ఈడ ఏమైందో ఆడికి పోదు" అంది సంతోషి. రెండూ ఒకచోట కలిసేది రిజిస్ట్రీలోనే. కలిసిన చోట కూర్చున్నది తనే.

దీప గుమ్మం పట్టుకుని ఏడుస్తోంది. సంతోషికి ఏడుపు రాలేదు. ఉప్పలయ్య చెప్పిన మాటల్లో ఏదో ఒకటి ముల్లులా గుచ్చుకుని ఆమెను కదలనివ్వడం లేదు. ఎన్నో ఏళ్లుగా ఆమె చేస్తున్న పని ఒక్కటే. అంకె కనబడగానే, నువ్వు ఎక్కడి నుంచి వచ్చావని దాన్ని అడగడం.

"అన్నా" అంది. సార్ అన్న పిలుపు ఎప్పుడు పోయిందో ఆమె గమనించలేదు. "నీళ్లు ముప్పై ఏడు ఉన్నయని ఎవరు చెప్పిన్రు?"

"హీటర్ మీద కనబడ్తది."

"ఆ హీటరే తప్పు చెప్తుంటే?"

ఉప్పలయ్య బల్ల మీది చార్టు దగ్గరికి లాక్కున్నాడు. నీళ్లు నిజంగా నలభై ఉండి, హీటర్ ముప్పై ఏడు అంటుంటే? అప్పుడు వైరు పాడవలేదు. వైరు ఒక్కటే జూన్ నుంచి నిజం చెబుతోంది.

"లోపల పిల్ల ఉన్నది" అన్నాడు. అప్పటికే లేచాడు. "రెండో నంబరు మీద పిల్ల ఉన్నది!"

గోడకున్న ఇంటర్‌కమ్ అందుకున్నాడు. థియేటర్‌లో రెండుసార్లు మోగాక ప్రశాంత్ గొంతు పలికింది. వెనకాల పంపు తిరుగుతున్న సన్నని రొద.

"ప్రశాంత్, యాడున్నరు?"

"అయిపొచ్చింది అన్నా. బొక్క మూసేసిన్రు. సర్జన్ సార్ ఇప్పుడే వేడి చెయ్యమన్నడు. హీటర్ ఆన్ జేస్తున్న."

"ముట్టకు! హీటర్ ముట్టకు!"

"ఏందన్నా?"

"నేను వస్తున్న. అప్పటిదాక పిల్లను గట్లనే చల్లగ ఉంచు. పంపు నడిపియ్యి, వేడి మాత్రం ఎక్కియ్యకు."

అల్మారాలోంచి స్టీలు పుల్ల ఉన్న థర్మామీటర్ తీశాడు. సంతోషి అతని చెయ్యి పట్టుకుంది. "ఒక్కదాన్నే నమ్మొద్దన్నా. ఇంకోటి కూడ తీస్కపో." అతను తల ఊపి రెండోది కూడా జేబులో వేసుకుని పరిగెత్తాడు. వెనకాలే సంతోషి. ఈరమ్మ బెంచీ మీంచి లేచి నిలబడటం కంటి కొసతో చూసింది. థియేటర్ వైపు మనుషులు పరిగెత్తితే బయట కూర్చున్నవాళ్లకు ఏమనిపిస్తుందో ఆలోచించే తీరిక అప్పుడు ఎవరికీ లేదు.

థియేటర్ ముందు నేల మీద ఎర్ర గీత. సంతోషి అక్కడే ఆగిపోవాలి. ఉప్పలయ్య మాస్కు కట్టుకుంటూ తలుపు తోసుకుని లోపలికి పోయాడు. గోడకు ఉన్న స్పీకర్‌లోంచి సర్జన్ కటువైన గొంతు వచ్చింది. "ఎవరు ఆపమన్నది? పిల్ల గుండె తెరిచి ఉంది ఇక్కడ. ఎవరు ఆపమన్నారు?"

సంతోషి స్పీకర్ కిందున్న బటన్ నొక్కింది.

"నేను సార్. నా పేరు సంతోషి. రిజిస్ట్రీ నుంచి. హీటర్ చెప్తున్న వేడి తప్పని మాకు అనుమానం ఉన్నది. కొలిచేదాక ఆగుండ్రి సార్. రెండు నిమిషాలు."

"మీరు డాక్టరా?"

"కాదు సార్."

స్పీకర్ టక్కున ఆగిపోయింది. ఈరమ్మ దగ్గరికి వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది. "బిడ్డా, నా పిల్లకేమైంది? కాగితాలు సూస్తందుకొచ్చిన అంటివి గదా. ఎందుకురికినవు?" ముసలి వేళ్లు చర్మంలోకి దిగుతున్నాయి. సంతోషి ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసి అలాగే నిలబడింది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. నిజం చెప్పడానికి ఇంకా నిజం తెలియదు.

ఒక నిమిషం గడిచింది. రెండో నిమిషం కూడా గడిచింది. స్పీకర్ గరగరలాడింది.

"సంతోషీ." ఉప్పలయ్య గొంతు. "హీటర్ మీద ముప్పై ఏడు పెట్టి సూసిన. ఒక థర్మామీటర్ ముప్పై ఏడు అంటుంది. రెండోది ముప్పై ఏడు పాయింటు ఒకటి. హీటర్ మంచిగనే ఉన్నది."

సంతోషి గోడకు ఆనుకుంది. "మల్ల సూసిన్రా?"

"మల్ల సూసిన. వేడి ఎక్కిస్తున్నం. పిల్ల మంచిగనే ఉన్నది."

"పిల్ల మంచిగున్నదంట అమ్మా" అంది ఈరమ్మతో. ముసలమ్మ అక్కడే నేల మీద కూలబడి, గౌను ముఖానికి అద్దుకుంది.

సంతోషికి కూడా కూలబడాలనిపించింది. పాప క్షేమం. అది చాలు. కానీ ఆ వెంటే ఇంకో ఆలోచన వచ్చి మీద పడింది. హీటర్ మంచిదే అయితే తను చెప్పిందంతా తప్పు. గుండె తెరిచి ఉన్న పిల్ల ముందు, కాగితాలు చూసుకునే మనిషి ఆపరేషన్ ఆపించింది. మరి ఆ ఇరవై ఆరు కాగితాల్లో ముప్పై ఎనిమిది ఎక్కడి నుంచి వచ్చింది?

ఆశ గుండె తనంతట తాను కొట్టుకోవడం మొదలయ్యాక, పంపు ఆపి, ఉప్పలయ్య బయటికి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. వెనకాల ప్రశాంత్, మాస్కు మెడ మీదికి లాక్కుని.

"చెప్పు ఈమెకు" అన్నాడు ఉప్పలయ్య.

ప్రశాంత్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అన్న ఊర్ల ఉండె. చెప్పుడు కుదర్లే మేడం. గిది మన పాత హీటర్ కాదు. పాతది పోయిన బుధవారం నీళ్లు కారుతుంటె సర్వీసోళ్లకు ఫోన్ జేసినం. వాళ్లొచ్చి దాన్ని పట్టుకపోయి, బదులు గిది ఇచ్చిపోయిన్రు. నంబరు కూడ గదే అతికిచ్చిన్రు, రెండు అని."

రిజిస్ట్రీలో పంపు నంబరు రాయడానికి ఒక గడి ఉంది. హీటర్ ఏదో రాయడానికి గడే లేదు. ఎవరూ పెట్టలేదు. ఆమె కూడా పెట్టలేదు.

"పాతది ఇప్పుడు యాడున్నది?" అంది సంతోషి.

ఉప్పలయ్య అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల మల్లాపూర్‌లో సర్వీసు మనిషి మాటలు ఆమెకు కూడా వినబడుతున్నాయి. "గది లీకు సార్, పైపు మారిస్తే అయిపాయె. వేడి సంగతి మాకెవ్వరు రాసియ్యలే గదా, సూడలే. శుక్రవారం మల్కాజిగిరి దవాఖానల వాళ్లది ఆగిపోయిందంటె, మనది కాలిగ ఉన్నదని ఆడ పెట్టొచ్చినం. ఎందుకు సార్?"

మల్కాజిగిరి. తొమ్మిది ఆసుపత్రుల్లో ఆరోది. సంతోషి లాప్‌టాప్ పంపు గదిలోంచి తెచ్చి బెంచీ మీద తెరిచింది. ఆ ఆసుపత్రి ఇవాళ్టి కేసుల జాబితాలో ఒకటే ఉంది: ఉదయం ఏడున్నరకు మొదలు, ఎనిమిది నెలల పాప. ఆ ఆసుపత్రి థియేటర్ నంబరు ఆమె ఫోన్‌లోనే ఉంది. వేళ్లు చెమటకు జారుతుంటే రెండుసార్లు తప్పు నొక్కింది. మూడోసారి మోగింది. మోగుతూనే ఉంది. ఆఖరికి ఎవరో ఒక నర్సు ఎత్తింది. ఆయాసపడుతోంది.

"అమ్మా, నేను రిజిస్ట్రీ నుంచి సంతోషిని. థియేటర్‌ల పాప ఇంకా పంపు మీదనే ఉన్నదా? హీటర్‌తోని వేడి చెయ్యొద్దని చెప్పుండ్రి, జల్ది."

"ఏం వేడి మేడం? పాపను బయటికి తెచ్చి గంటాయె" అంది ఆ గొంతు. "మల్ల ఫోన్ చెయ్యుండ్రి. డాక్టర్లంత ఐసీయూల ఉన్నరు. పాపకు ఎడమ చెయ్యి కొట్టుకుంటుంది, ఆగుతలేదు."